సారుకు కుర్చీ వేయొద్దు

అలైపురి నీళ్ల పార్కుకు ఒకసారి పోయి వచ్చినవాళ్లు అక్కడి అలల కొలనును మరిచిపోవచ్చు గానీ, ఆ కొలను గేటు దగ్గర నిలబడే కస్తూరమ్మ గొంతును మరిచిపోలేరు. "కాటన్ వొద్దమ్మా, కాటన్ వొద్దు! నైలాన్ అయితేనే లోపలికి!" అని తెలుగులో ఒక కేక, అదే మాట తమిళంలో ఇంకో కేక, నల్లద్దాలు పెట్టుకున్నవాళ్లు ఎదురైతే "ఓన్లీ నైలాన్ మేడమ్" అని మూడో కేక. నూలు బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఈదేవాళ్లను కిందికి లాగుతుంది, దాని పోగులు నీళ్లు వడకట్టే జల్లెడల్లో చిక్కుకుంటాయి. కాబట్టి నూలు బట్టతో కొలనులోకి దిగకూడదు. ఇంత చిన్న విషయం చెప్పినందుకు రోజూ ఎంతమంది చేత తిట్లు తినాలో గేటు దగ్గర నిలబడితే తప్ప తెలియదు. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడికి అడ్డుపడే మొదటి మనిషి గేటు మనిషే. టికెట్ ధర మీద కోపం కూడా ఆ మనిషి నెత్తినే పడుతుంది.

కస్తూరమ్మ పుట్టింది అత్తిమంజేరిపేటలో. తల్లి పొన్నమ్మ నాట్ల జట్టుకు పెద్ద. బడికి సెలవు దొరికితే చాలు, కస్తూరి కూడా తల్లి వెనకాల బురదలోకి దిగేది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఈనాటికీ తెలుగు అక్షరం చూస్తే జిలేబీ చుట్టలా ఉంటుందామెకు, తమిళ పేపరు మాత్రం గడగడా చదివేస్తుంది. సుందరరాజ్‌ను చేసుకుని తిరుత్తణికి వచ్చింది. అతను షేర్ ఆటో తోలుతాడు, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. శ్రీపెరుంబుదూరు వైపు సెల్‌ఫోన్ ఫ్యాక్టరీలో కొన్నేళ్లు చేసింది. అక్కడ ఒక పూట లైను ఆపేసి, రేపటినుంచి రావద్దన్నారు. ఎందుకని అడిగింది ఈమె ఒక్కతే. జవాబు రాలేదు గానీ, అడగడం అలవాటైంది. ఆ తర్వాత తిరువళ్లూరు దాటి తిరుత్తణి దోవలో ఈ పార్కు తెరిస్తే, కాంట్రాక్టులో గేటు పనికి చేరింది. ఇప్పుడు ఆ గేటుకు ఆమే మేస్త్రి. మెడలో విజిల్, చేతిలో నైలాన్ తాడు. కొలనులో అలలు లేచినంతసేపూ ఆ తాడు కట్టి జనాన్ని ఆపాలి, అలలు ఆగినాక వదలాలి.

ఆ గేటుకు నీడ లేదు. పైన రేకైనా వేయండని అడిగితే, ప్రధాన ద్వారంనుంచి కొలను అందం కనబడదు, ఫొటోలు పాడవుతాయి అన్నారు. కుర్చీ అడిగితే, కూర్చున్న సిబ్బందిని చూస్తే వచ్చినవాళ్లకు సోమరిపోతుల్లా కనిపిస్తారు అన్నారు. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని తమిళనాట చట్టమే వచ్చింది. చట్టం చెన్నైనుంచి బయలుదేరింది నిజమే గానీ, దోవలో ఎక్కడో చల్లగా కూర్చుండిపోయినట్టుంది, అలైపురి గేటు దాకా రాలేదు.

గేటు దగ్గర కస్తూరమ్మకు తోడు బేబి. తిరువళ్లూరు పిల్ల, చర్చి వీధిలో ఇల్లు. సన్నగా వెదురుబొంగులా ఉంటుంది, నోట్లో మాత్రం ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడుతుంటుంది. మొగుడు మునిరాజ్‌కు ఫ్యాక్టరీ మిషన్‌లో చెయ్యి నలిగి పని పోయినప్పటినుంచి ఆ ఇంటికి ఈమె జీతమే దిక్కు. ఆ ఏడు మే నెల కత్తిరి ఎండలు మొదలైన వారంలోనే బేబి గేటు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లి లేపితే, "స్వర్గం దాకా పోయినా అక్కా, ఆడ కూడా కాటన్ వొద్దన్నారు" అంది. అందరూ నవ్వారు. కాంట్రాక్టు సూపర్‌వైజరు నాగలింగం మాత్రం నవ్వలేదు.

"ఇదో చూడమ్మా, ఈ ఎండాకాలం గడవనీ. ఆ పైన నిలబడను చేతకానోళ్లు నాకొద్దు. పైన అడిగితే నేనేం చెప్పేది?"

"నిలబడను చేతనైతా ఉండాది నాగలింగమన్నా. కూకోను చోటు లేకనే పడిపోయింది" అంది కస్తూరమ్మ.

"చోటు ఇచ్చేది నా చేతిలో ఉండాదా?"

అది కూడా అబద్ధం కాదు. నాగలింగం కూడా ఒకప్పుడు జారుడు బల్లల కింద నిలబడి జనాన్ని ఎత్తి ఎత్తి వీపు వంకర చేసుకున్నవాడే. పైకి మాట చేరవేసే తాడు మధ్యలో ఎక్కడో తెగి ఉంది, అంతే. ఆ సాయంత్రం కస్తూరమ్మ బేబి చెయ్యి పట్టుకుని, "నీ పని యాడికీ పోదు. ఈ గేటుకి నీడా కుర్చీ తెస్తా, నిన్ను ఈడనే నిలబెడతా. నేను చెప్తా ఉండా" అని మాటిచ్చింది.

"నిలబెట్టొద్దక్కా, కూకోబెట్టు" అంది బేబి.

సరిగ్గా ఆ రోజుల్లోనే పార్కుకు కొత్త జనరల్ మేనేజరు వచ్చాడు. పేరు హేమనాథ్. ఇంకా నలభై నిండని మనిషి, దుబాయి పార్కుల్లో పనిచేసి వచ్చినవాడు. వచ్చీ రాగానే ఒక ప్రకటన చేశాడు. ఇకనుంచి ఆదివారం పూట ఆఫీసువాళ్లందరూ, తనతో సహా, సిబ్బంది వేసుకునే పసుపు టీషర్టు వేసుకుని, సిబ్బంది పక్కనే, జనం కళ్లముందే పనిచేస్తారు.

తిరువళ్లూరు స్టేషన్‌నుంచి సిబ్బందిని తీసుకుపోయే వ్యాన్‌లో మర్నాడంతా అదే మాట.

"ఆదివారం ఒకపూట ఇంట్లో చారు కాచుకునే రాత ఎట్లాగూ లేదు. ఇంక సార్లను కూడా మేపల్లనా మనం?" అన్నాడు నటరాజన్. కొలనులో అలలు లేపే మిషన్ అతని చేతిలో ఉంటుంది. నోరు కూడా ఆ మిషన్‌లాంటిదే.

"రానీరా. వచ్చి చూడనీ" అంది కస్తూరమ్మ.

"ఏందక్కా చూసేది? జూలో పులిని చూసినట్ల చూసి, ఫొటో పట్టుకోని పోతారు."

"పులిని బయట్నుంచి చూస్తారు. ఈయన బోన్లోకి వస్తానంటా ఉండాడు గదా. రానీ."

"బోన్లోకి వచ్చి మనకే మాంసం కొయ్యను నేర్పిస్తాడు, చూస్తా ఉండు" అన్నాడు నటరాజన్. వ్యాన్ అంతా నవ్వింది.

నవ్వులకేం గానీ, కస్తూరమ్మకు మాత్రం నిజంగానే ఆశ పుట్టింది. గట్టు మీద నిలబడి లోతు చెప్పేవాళ్లను ఆమె చాలామందిని చూసింది. దిగుతానన్నవాణ్ని చూడడం ఇదే మొదలు. ఒక్క మధ్యాహ్నం గేటు ముందరి బండ మీద నిలబడితే చాలు, రేకు గురించి వేరే చెప్పక్కరలేదు, కుర్చీ గురించి దండం పెట్టక్కరలేదు. అందుకే, సారు ఎక్కడ నిలబడతారని నాగలింగం అడిగినప్పుడు, ఐస్‌క్రీమ్ బండి దగ్గరని అందరూ అంటుంటే, "మా గేటుకి రమ్మను" అని పట్టుబట్టింది.

హేమనాథ్ వచ్చాడు. ఆ ఆదివారం ఏం జరిగిందో తలుచుకుంటే కస్తూరమ్మకు ఇప్పటికీ తన మీద తనకే నవ్వూ కోపమూ కలిసి వస్తాయి.

మన జనానికి ఒక జబ్బుంది. పెద్దమనిషి ఇంటి ముందుకు వస్తే ఉన్న ఒక్క చాపా ఆయనకు పరిచి, మనం మట్టిలో కూర్చుంటాం. వానకు కారే ఇల్లు చూపించి సాయం అడుగుదామని పిలుచుకొచ్చినవాణ్ని, కారని మూల వెతికి మరీ అక్కడే కూర్చోబెడతాం. ఇల్లు బాగానే ఉందనుకుని ఆయన లేచిపోతాడు. గేటు దగ్గర జరిగింది అచ్చం ఇదే. నాగలింగం జనాన్ని దోవలోనే ఆపి, కొంచెం కొంచెంగా పంపించాడు. నటరాజన్ పంపు గదిలోంచి పెద్ద ఫ్యాన్ లాక్కొచ్చి సారు వెనకాల పెట్టాడు. ఐస్‌క్రీమ్ బండి గొడుగు ఎవరో పీకి తెచ్చారు. కుర్చీ తెచ్చింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ కస్తూరమ్మే. ఆయన నుదుటి మీద చెమట బొట్టు చూసేసరికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

"కూకోండి సార్. ఈ ఎండకి అలవాటు లేని పానం, పాపం" అని తమిళంలో అంటూ కుర్చీ తుడిచి మరీ వేసింది. తను తాగడానికి ఇంటినుంచి తెచ్చుకున్న మజ్జిగ కూడా ఇచ్చింది. ఆయన నవ్వుతూ తాగాడు, పిల్లలకు చెయ్యి ఊపాడు, ఫొటో దిగాడు, మధ్యాహ్నం భోజనం వేళకు అందరికీ కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన వెంటనే కుర్చీ, గొడుగు, ఫ్యాన్ కూడా వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున గేట్లు తెరవకముందు సిబ్బందినందరినీ నిలబెట్టి తమిళంలో మాట్లాడాడు హేమనాథ్. "నేనే స్వయంగా నిలబడి చూసినాను. కొలను గేటు మన పార్కులోకెల్లా బాగుండే చోటు. నీళ్ల మీదినుంచి చల్లగాలి. రేకు వేయాలని ఒక కోరిక ఉందని విన్నాను, అవసరం కనబడలేదు" అన్నాడు. ఆయన చూసింది చూసినట్టే చెప్పాడు. క్యాంటీన్ గోడకు ఫొటో కూడా ఎక్కింది. గొడుగు కింద, కుర్చీలో, చేతిలో మజ్జిగతో.

నాగలింగం ఆ సాయంత్రమే బేబిని పక్కకు పిలిచి, ఈ నెలాఖరుతో సరి అని చెప్పేశాడు. సారే స్వయంగా చూసి బాగుందన్న చోట నిలబడలేనిదానివి ఇంకెక్కడ నిలబడతావు అన్నాడు. అప్పటిదాకా ఫిర్యాదు అయినా ఒకటి ఉండేది, ఇప్పుడు అదీ లేకుండా పోయింది. పైవాడు కిందికి దిగి చూడకపోవడం ఒక అన్యాయం. దిగి, చూడకుండా పోవడం అంతకంటే పెద్దది. చూశానన్న ధీమా కూడా వెంట తీసుకుపోతాడు కాబట్టి.

తిరువళ్లూరు స్టేషన్‌లో సిమెంటు బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. పొద్దున్నుంచి వాళ్ల నడుములకు దొరికిన మొదటి ఆసరా అదే. బేబి ఇల్లు పక్కనే అయినా, కస్తూరమ్మ రైలు వచ్చేదాకా తోడు కూర్చోవడం ఆమెకు అలవాటు.

"నువ్వు నాకు కుర్చీ తెస్తానన్నావు గదక్కా" అంది బేబి.

"అవును మే."

"తెచ్చినావులే. కూకునే మనిషి మారిపోయినాడు, అంతే."

కస్తూరమ్మకు ఆ మాట నవ్వుతూనే గుచ్చుకుంది. రైలెక్కినాక, అరక్కోణం దాటేదాకా ఆ కుర్చీనే తలుచుకుంది. తల్లి పొన్నమ్మ గుర్తుకొచ్చింది.

చాలా ఏళ్ల కిందటి మాట. ఊళ్లో పెద్ద రైతు కోడలు, పట్నంలో చదివిన పిల్ల, నాట్లు వేయడం చూద్దామని చేను దగ్గరకు వచ్చింది. వచ్చి, తనూ నాటుతానంది. వెంటనే ఒకామె చాప తెచ్చింది, ఇంకొకామె గొడుగు పట్టబోయింది. పొన్నమ్మ అందరినీ ఆపేసింది. "ఏమ్మా, చూసేదానికి వచ్చినావా, నాటేదానికి వచ్చినావా? చూసేదైతే గట్టు మీద చాప ఏపిస్తా, దొరసానిలాగా కూకో. నాటేదైతే చీర ఎగదోపుకో, మునుం పట్టు. బురదలో దిగినాక గట్టు మాట లేదు. ఈడ నా మాటే" అంది. వరసలో తన పక్కనే నిలబెట్టుకుంది. నడుము ఎత్తితే ఒప్పుకోలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆ కోడలికి కళ్లనీళ్లు వచ్చాయి. ఎవరూ అయ్యో అనలేదు. ఆ సాయంత్రం ఆమె ఎవరూ అడగకుండానే, ఎండవేళ కూలోళ్లకు విరామం ఇవ్వాల్సిందేనని మామతో కొట్లాడింది. ఆ చేన్లో ఆ విరామం ఆ తర్వాత ఎప్పుడూ పోలేదు.

"ఏంది మా, ఆ పిల్లని అట్ల ఏడిపిస్తివి?" అని కస్తూరి ఆనాడు అడిగింది.

"నడుము ఇరిగినోళ్లకి చెప్పబన్లేదు. ఇరగనోళ్లకి చెప్పినా తెలీదు" అంది పొన్నమ్మ.

తిరుత్తణిలో రైలు దిగేసరికి కస్తూరమ్మకు తన తప్పు స్పష్టంగా తెలిసింది. సారును బురదలోకి పిలిచి గట్టు మీద కూర్చోబెట్టింది తనే. మర్యాద అనుకున్నది, నిజాన్ని దాచిపెట్టింది. వేసిన చేతులే ఆ కుర్చీని తీయాలి.

పొద్దున్నే పార్కంతా నడవడం హేమనాథ్‌కు అలవాటు. మర్నాడు కస్తూరమ్మ ఎదురుపోయేసరికి కొలను గట్టు మీద ఫోన్‌లో మాట్లాడుతూ వస్తున్నాడు. "తిన్నా అవ్వా, తిన్నా. నువ్వు మాత్తర్లు ఏసుకున్నావా?" అంటున్నాడు. కస్తూరమ్మ ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆయనతో తమిళమే మాట్లాడింది.

"సార్, మీరు తెలుగోళ్లేనా?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వాడు. "మాది ఊత్తుకోట పక్కన. ఇంట్లో అంతా తెలుగే. చదవను మాత్రం రాదు."

"మాట్లాడను వస్తే చాలు సార్. ఒక మాట చెప్పల్ల. మొన్న ఆదివారం మీరు మా గేటుకి రాలేదు."

"రాలేదా? ఫొటో కూడా ఉండాది గదమ్మా!"

"ఆ ఫొటోలో ఉండే కుర్చీ మాది కాదు సార్. గొడుగు మాది కాదు. మీకు గాలి కొట్టిన ఫ్యాన్ పంపు గదిది. జనాన్ని దోవలోనే నిలిపేసినారు. మీరు చూసింది మా గేటు కాదు, మేము మీకోసం కట్టిన పందిరి. తప్పు మీది కాదు. కుర్చీ ఏసింది నేనే."

హేమనాథ్ ముఖం ఎర్రబడింది. "అంటే నేను డ్రామా చేసినానంటావా?"

"డ్రామా ఆడేవోళ్లు రెండోసారి రారు సార్. మీరు ఇంకోసారి వస్తే అది పని."

ఆయనకు కోపం వచ్చింది, దాచుకోలేదు. దుబాయిలో కూడా ఎవరూ నన్నిట్లా అడగలేదన్నాడు. అడిగేవాళ్లు యాడైనా ఉంటారు సార్, మీ దాకా రానిచ్చేవాళ్లు ఉండరు అంది కస్తూరమ్మ. చివరికి, "సరే, ఎట్లా రావాలో నువ్వే చెప్పు" అన్నాడు.

"మాతో పాటు పొద్దున రావల్ల, మాతో పాటు పోవల్ల. మా కూడు తినల్ల. ఫొటోలు వొద్దు. గేటు దగ్గర నా మాట చెల్లల్ల. మా అమ్మ నాట్ల జట్టుకి పెద్ద సార్. బురదలో దిగినాక గట్టు మాట లేదు అనేది."

"నాగలింగానికి చెప్పాలా?"

"చెప్పండి. ఆయప్ప రావద్దని చెప్పండి."

సారును ఒప్పించడం ఒక ఎత్తు, తనవాళ్లను ఒప్పించడం ఇంకో ఎత్తు అయింది. కుర్చీ వేయకండి, నీళ్లు ముందుగా ఇవ్వకండి, జనాన్ని ఆపకండి అంటే వ్యాన్‌లో అందరూ ఆమె వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. డ్రామా అని మొదటినుంచీ ఎకసెక్కం చేసిన నటరాజనే అందరికంటే ముందు డీలా పడిపోయాడు.

"అక్కా, ఆయన నా కళ్ల ముందర ఎండలో మాడతా ఉంటే నా చేతులు ఊరుకోవు. పాపం తగుల్తాది."

"బేబి మాడేటప్పుడు ఊరుకున్నాయే నీ చేతులు?"

నటరాజన్ తల గోక్కున్నాడు. "బేబి మనిషి గదక్కా... ఆయన సారు."

"విన్నావా మే బేబి? నువ్వు మనిషంట."

"ఈ మాట రాసియ్యమను అక్కా, మా ఆయనకు చూపిస్తా" అంది బేబి. నటరాజన్ సిగ్గుపడి, సరే, నేను ఆ పక్కకే చూడను, మిషన్ వైపు తిరిగి నిలబడతా అన్నాడు.

ఆదివారం వచ్చింది. పడమటి కొండల పైన ఒక్క మబ్బు తునక లేదు. సెలవుల జనం తిరుపతి వైపునుంచి, చెన్నై వైపునుంచి బస్సులు బస్సులుగా దిగారు. హేమనాథ్ పసుపు టీషర్టు వేసుకుని, అందరిలాగే రబ్బరు చెప్పులతో గేటు దగ్గర నిలబడ్డాడు. ఈసారి జనాన్ని ఎవరూ ఆపలేదు. అల సైరన్ మోగగానే తాడు కట్టారు. తాడుకు ఇవతల జనం చింతపండు మూటలా ఒత్తుకున్నారు.

మొదటి గొడవ నూలు చుడీదారుతో వచ్చిన ఒక పెద్దింటావిడతో. హేమనాథ్ ఎంతో మర్యాదగా, నైలాన్ బట్టలు అక్కడ దొరుకుతాయండీ అన్నాడు. ఆవిడ చెయ్యి నడుము మీద పెట్టుకుంది.

"నువ్వెవరయ్యా నాకు చెప్పడానికి? గేటు కాడ నిలబడేవాడివి! మీ మేనేజర్ను పిలువు!"

హేమనాథ్ నోరు తెరిచాడు. ఒక్క మాట అంటే చాలు, ఆవిడ నోరు మూతపడేది. కస్తూరమ్మ పక్కనుంచి మెల్లగా, "సార్, గట్టు మాట లేదు" అంది.

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "మేనేజర్ ఈరోజు లేరండీ" అన్నాడు.

బేబి తాడు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. ఆవిడ ఇంకా చాలాసేపు తిట్టింది. పోతూ పోతూ, ఇలాంటివాళ్లను పనిలో పెట్టుకున్నవాణ్ని అనాలి అని కూడా అంది. ఆ తిట్టు మాత్రం సరైన చోటే తగిలింది.

ఎండ ముదిరింది. బండ వేడి రబ్బరు చెప్పుల్లోంచి పైకి పాకింది. హేమనాథ్ ముందు ఒక కాలి మీద, తర్వాత ఇంకో కాలి మీద నిలబడ్డాడు. ఆనుకుందామని ఇనుప కమ్మీని పట్టుకుని, పెనం ముట్టినట్టు చెయ్యి లాక్కున్నాడు. ఆ పక్కకే చూడనన్న నటరాజన్ దొంగచాటుగా చూస్తూనే ఉన్నాడు. ఒకసారి మంచినీళ్ల సీసా పట్టుకుని అడుగు ముందుకు వేశాడు. కస్తూరమ్మ కళ్లెర్ర చేస్తే మళ్లీ మిషన్ వైపు తిరిగాడు. ఆమెకు మాత్రం బాగుందా? కన్నబిడ్డకు వాతపెట్టినట్టుంది ఆమె ప్రాణానికి. అయినా బిగబట్టుకుంది.

"గాలి రాదా ఈడ?" అన్నాడు హేమనాథ్. పొద్దున తమిళంతో మొదలుపెట్టిన మనిషి, ఎండ ఎక్కేకొద్దీ ఊత్తుకోట తెలుగులోకి దిగాడు.

"నీళ్లలో ఉండేవోళ్లకి వస్తాది సార్."

"మీరు యాడ కూచ్చుంటారు?"

బేబి చెప్పింది. "స్టేషన్లో సార్. సాయంత్రం."

ఇంకొంతసేపటికి బేబి చేతిలో తాడు వదులైంది. పక్కనే నిలబడి ఉన్నాడు కాబట్టి ఆమె ఊగడం అందరికంటే ముందు చూసింది హేమనాథే. గబుక్కున మోచెయ్యి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే, రావద్దన్నా ఎక్కడినుంచో గమనిస్తున్న నాగలింగం ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తూలుతున్న బేబిని దాటుకుని పోయి సారు వెనకాల నిలబడ్డాడు.

"సార్, చాలు సార్! కూచ్చోండి సార్! ఇదేం ఖర్మ సార్ మీకు!"

కస్తూరమ్మ విజిల్ మోగింది. ఎంత గట్టిగా మోగిందంటే, కొలనులో ఉన్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. నాగలింగం కుర్చీ ఎత్తిపట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"నాగలింగమన్నా, ఒక్క మాట చెప్పు. సారు ఇంటికి పోయినాక కూడా ఆ కుర్చీ ఈడనే ఉంటాదంటే దించు. లేదంటే ఎట్ల తెచ్చినావో అట్లనే తీస్కపో."

జనరల్ మేనేజరు కూర్చోబోయే కుర్చీని అందరి ఎదుటా ఆపిన కాంట్రాక్టు కూలీ రేపు ఎక్కడ ఉంటుందో ఆమెకు తెలియనిది కాదు. తెలిసే అంది. బేబికి ఇచ్చిన మాట ఆ కుర్చీ కాళ్ల కింద ఉంది. అది మళ్లీ సారు కోసం వచ్చి సారుతో పాటే వెళ్లిపోతే, ఇంక ఈ గేటుకు ఎన్ని ఆదివారాలు వచ్చినా ఒకటే.

నాగలింగం సారు ముఖం చూశాడు. అందరూ సారు ముఖమే చూశారు. హేమనాథ్ ఆ కుర్చీని చూశాడు. ఆ క్షణాన ఆయనకు అది ఎంత కావాలో ఆయన కాళ్లే చెబుతున్నాయి.

"దించు" అన్నాడు. "అది ఇంక ఈడ్నించి కదలదు. రేపు ఇంకోటి కూడా రావాల. పైన నీడ కూడా."

నాగలింగం కుర్చీ దించాడు. దించి, పైతుండుతో ఒకసారి తుడిచాడు. అది అలవాటు. హేమనాథ్ బేబి మోచెయ్యి వదలకుండా ఆమెను కుర్చీ దగ్గరికి నడిపించాడు. బేబి కుర్చీ వీపు పట్టుకుని మొండికేసింది.

"సారు నిలబడుకోనుంటే నేనెట్ల కూకునేదక్కా? మర్యాదగా ఉంటాదా?"

"ఈ పొద్దు సారు యాడుండాడు మే? మేనేజర్ లేరని ఆయప్పే చెప్పలా? కూకో!"

బేబి కూర్చుంది. నటరాజన్ ఇంక ఆగలేక నీళ్లసీసా తెచ్చాడు, ఈసారి బేబికి. హేమనాథ్ ఆమె వదిలేసిన తాడు అందుకున్నాడు.

"నా వంతు ఎప్పుడు?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

"బేబి తర్వాత నేను. నా తర్వాత మీరు" అంది కస్తూరమ్మ. "అల వస్తా ఉండాది సార్, తాడు బిగించండి."

ఆ వారంలోనే గేటు మీదికి రేకు వచ్చింది. కొలను అందం చెడలేదు. ఫొటోలు దిగేవాళ్లు ఆ నీడలోనే నిలబడి దిగుతున్నారు. నెలాఖరు వచ్చింది, పోయింది. బేబి మాత్రం గేటు దగ్గరే ఉంది, వంతు ప్రకారం కూర్చుంటూ, వంతు ప్రకారం లేస్తూ. క్యాంటీన్ గోడ మీద ఫొటోను హేమనాథ్ తనే తీయించేశాడు.

అంతటితో లోకం బాగుపడిందని ఎవరూ అనుకోవద్దు. ఆదివారం పని అనగానే ఆఫీసులో కొందరికి జ్వరాలు వస్తున్నాయి, కొందరికి దూరపు చుట్టాల పెళ్లిళ్లు వస్తున్నాయి. క్యాంటీన్‌కు ఇప్పటికీ రెండు తలుపులున్నాయి, సార్లకు ఒకటి, మిగిలినవాళ్లకు ఒకటి. జీతం ఇప్పటికీ కాంట్రాక్టరు చేతిమీదుగానే వస్తుంది. కస్తూరమ్మ వాటిని మరిచిపోలేదు. ఒక్కొక్కటే అడుగుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదు, కంపెనీ పెడుతుందా?

పైవాళ్లు వచ్చి పక్కన నిలబడాలా అని ఆమెను ఎవరైనా అడిగితే జవాబు తడుముకోదు. నిలబడాల్సిందే, అందరూ చూస్తుండగా నిలబడాల్సిందే. కాకపోతే వాళ్లను నిజంగా నిలబడనివ్వడం మన చేతిలో ఉంది అంటుంది.

మొన్నటి ఆదివారం అకౌంట్స్ మేడమ్ జ్యోతిక వంతు వచ్చింది. కొత్త పసుపు టీషర్టు, తలకు టోపీ. వచ్చిన కాసేపటికే చుట్టూ చూసి, "ఇక్కడ కుర్చీ ఉందన్నారే?" అంది. పాత అలవాటు కొద్దీ నటరాజన్ చెయ్యి కుర్చీ మీదికి పోయింది. కస్తూరమ్మ వైపు చూసి, పోయిన చెయ్యి వెనక్కు వచ్చింది.

"ఉండాది మేడమ్. మీ వంతు వస్తాది" అంది కస్తూరమ్మ, తాడు కొస ఆమె చేతికిస్తూ. "ముందు ఇది పట్టుకోండి. గట్టిగా."